చెమటతో విషములు వెడలునా? – పరారుణ స్వేదస్నానముపై విమర్శ

శ్రీకాకుళమునకు చేరువనున్న అరసవల్లిలో ప్రసిద్ధమైన సూర్యదేవాలయము కలదు. మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని దినములు ఉదయసూర్యుని కిరణములు గర్భాలయములోనికి ప్రసరించి స్వామి పాదములను తాకును. రథసప్తమినాడు దూరదేశముల నుండి సైతము జనులు వచ్చి ఆరోగ్యము కోరి మ్రొక్కుదురు. సూర్యుడు ఆరోగ్యప్రదాత యను విశ్వాసము మనదేశమున చాల ప్రాచీనమైనది. ఆ ప్రాంగణమున నిలిచిన భక్తుని ఒంటిపై పడు సౌరశక్తిలో కంటికి కనబడు వెలుతురు ఒక భాగము మాత్రమే. ఇంచుమించు సగము కంటికి కానరాని వేడి కిరణములు. వీనినే పరారుణ కిరణము లందురు.

అరసవల్లిలో ఉచితముగా లభించు ఈ కిరణములే నేడు పెద్ద నగరములలో కొయ్యగదులలో వెలకు లభించుచున్నవి. ఒక మనిషియో, ఇద్దరో కూర్చుండదగిన చిన్న గది. దాని గోడలలో విద్యుత్తుతో వేడెక్కు పలకలు. లోపల అరగంటసేపు కూర్చున్నచో ఒళ్ళంతయు చెమట. దీనికి పరారుణ సౌనా అని పేరు. సౌనా అనునది ఫిన్లండు దేశీయుల మాట. వేడిగదిలో కూర్చుండి చెమట పట్టించుకొను వారి ఆచారమునకు ఆ పేరు కలదు. ఈ గదులు అమ్మువారి ప్రకటనలలో సామాన్యముగా నాలుగు వాదములు కనబడును: కిరణములు కండరముల లోతునకు చొచ్చుకొని పోవుననుట, కొవ్వు కరగుననుట, గుండెకు, కీళ్ళకు మేలనుట, చెమట ద్వారా శరీరములోని విషములు వెడలుననుట. ఇందు సత్యమెంత, అసత్యమెంత? ఈ ప్రశ్న ధనికుల వినోదమునకు సంబంధించినది మాత్రమే యని తోచవచ్చును. కాని నాలుగవ వాదము శ్రీకాకుళము జిల్లాకు వచ్చునప్పటికి ప్రాణాలతో కూడిన విషయమగుచున్నది.

పూర్వచరిత్ర

1800వ సంవత్సరమున విలియం హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకము గుండా పంపి, విడిపోయిన రంగులలో ఏ రంగునకు ఎంత వేడి కలదో ఉష్ణమాపకములతో కొలిచెను. ఎరుపునకు ఆవల, ఏ రంగును లేని చోట, పాదరసము మరింత పైకి లేచెను. పరారుణ కిరణములు ఇట్లు కనుగొనబడినవి. 1891లో అమెరికా వైద్యుడు జాన్ హార్వే కెల్లాగ్ విద్యుద్దీపములు అమర్చిన పెట్టెలో రోగిని కూర్చుండబెట్టి చెమట పట్టించెను. నేటి గదికి అదియే పూర్వరూపము.

మనదేశమున ఈ ఆలోచన అంతకంటె చాల పాతది. చరకసంహితలో స్వేదకర్మకు ఒక అధ్యాయమే కలదు. నిప్పు సహాయముతో చేయు స్వేదములను చరకుడు 13 విధములుగ వర్ణించెను. వానిలో జేంతాకమనునది ప్రత్యేకముగా కట్టిన గుండ్రని వేడిగది. అయితే అదే అధ్యాయమున ఎవరికి స్వేదము పనికిరాదో కూడ చెప్పబడినది. గర్భిణులు, మధుమేహము కలవారు, మద్యము సేవించువారు, దప్పిగొన్నవారు, ఆకలిగొన్నవారు ఆ పట్టికలో నున్నారు. నేటి ప్రకటనలు ప్రాచీనతను గూర్చి చెప్పునప్పుడు ఈ రెండవ భాగమును విడిచిపెట్టుట గమనింపదగినది.

మరియొక చరిత్రాంశము తెలుగువారికి సంబంధించినది. జర్మనీలోని లైప్జిగ్ నగరవాసి లూయీ కూనే, రోగములన్నిటికిని మూలము శరీరములో పేరుకొన్న మలిన పదార్థమేయని, ఆవిరి స్నానములతోను తొట్టి స్నానములతోను దానిని వెడలించిన రోగము పోవునని ప్రచారము చేసెను. అతని గ్రంథమును 1894లో డి. వేంకటచలపతి శర్మ తెలుగులోనికి అనువదించెను. భారతదేశమున ప్రకృతి చికిత్సోద్యమము ఆ అనువాదముతో ఆరంభమైనదని ఆ ఉద్యమమువారే చెప్పుకొందురు. గాంధీజీ సైతము కూనే పద్ధతులను ఆదరించెను. ఆ ఉద్యమము పరిశుభ్రత, మితాహారము, వ్యాయామము బోధించి ఎంతో మేలు చేసినది. కాని మలిన పదార్థము చెమటతో వెడలునను భావము కూడ దానితోపాటే వచ్చినది. నేటి ప్రకటనలలోని విషములు ఆ పాత మలిన పదార్థమునకు క్రొత్త పేరు.

కిరణములు ఎంత లోతునకు పోవును?

భోగిమంట ముందు నిలిచిన పిల్లవానికి ముఖము కాలుచుండును, వీపు చలికి వణకుచుండును. చుట్టును గాలి చల్లగనే యున్నది. మంట నుండి కిరణములు సూటిగ వచ్చి చర్మమునకు తగులుటయే దీనికి కారణము. పరారుణ గదిలో జరుగునదియు ఇదియే. ఫిన్లండు సౌనాలో గాలిని 80 నుండి 100 సెంటిగ్రేడు డిగ్రీల వరకు వేడిచేయుదురు. పరారుణ గదిలో గాలి 45 నుండి 60 డిగ్రీలు మాత్రమే. ఐనను చర్మము నేరుగా వేడెక్కుటచే చెమట పట్టును. ఎక్కువ వేడిగాలికి తాళలేనివారికి ఇది కొంత సుకరము. ఇంతవరకు ప్రకటన నిజమే.

కాని కిరణములు చర్మము దాటి అంగుళమున్నర లోతునకు పోవుననుట భౌతికశాస్త్రమునకు విరుద్ధము. సుమారు 200 డిగ్రీలకు వేడెక్కిన పలక నుండి ఎక్కువగా వెలువడు కిరణముల తరంగదైర్ఘ్యము 6 మైక్రానులు. ఇట్టి కిరణములను నీరు అత్యంత తీవ్రముగా పీల్చుకొనును. మన చర్మములో నీరు పుష్కలము. కావున ఆ కిరణములు మిల్లీమీటరులో పదవ వంతు లోతునకు చేరకమునుపే ఇంకిపోవును. ఎరుపునకు మిక్కిలి దాపుననున్న పరారుణ కిరణములు మాత్రము కొన్ని మిల్లీమీటర్లు లోనికి పోగలవు. అంతకంటె లోతున కలుగు వెచ్చదనము కిరణములు తెచ్చినది కాదు. చర్మమున వేడెక్కిన రక్తము మోసికొని పోయినది. వేడినీళ్ళ స్నానములోను, ఇసుకమూట కాపడములోను జరుగునది ఇదియే.

ఈ కిరణములు శరీరపు సహజ కిరణములతో ఏకమగునని మరియొక మాట కలదు. మానవ చర్మము 9 లేక 10 మైక్రానుల ప్రాంతమున కిరణములను వెలువరించుట నిజమే. కాని ఆ ఉష్ణోగ్రతకు సమీపముననున్న ప్రతి వస్తువును అట్లే చేయును. పాకలోని ఎద్దును, మూలనున్న మట్టికుండయు అవే కిరణములను విడచుచున్నవి. ఇందు ఆరోగ్య రహస్యమేమియు లేదు.

కొవ్వు కరగునా?

అరగంటలో వందలకొలది కెలోరీలు ఖర్చగునని చెప్పుదురు. ఈ లెక్కలోని పొరపాటును ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ పట్టుకొనగలడు. ఒక లీటరు చెమట ఆవిరి యగుటకు సుమారు 580 కిలోకెలోరీల ఉష్ణము కావలెను. గదిలో కూర్చున్నవాడు అర లీటరు చెమట కార్చి, అదంతయు ఆవిరియైనచో 290 కిలోకెలోరీలు. కాని ఆ ఉష్ణములో అధికభాగము వచ్చినది విద్యుత్ పలకల నుండి. అతని కొవ్వు నుండి కాదు. ఊరక కూర్చున్న మనిషి శరీరము అరగంటలో 45 కిలోకెలోరీల ప్రాంతమున ఖర్చు చేయును. వేడికి గుండె వేగము హెచ్చి ఆ ఖర్చు రెట్టింపైనదనుకొన్నను 90కి మించదు. త్రాసుపై తగ్గిన బరువు నీటి బరువు. రెండు గ్లాసుల నీరు త్రాగిన వెంటనే అది తిరిగి వచ్చును, రావలెను కూడ.

గుండె, కీళ్ళు

మూడవ వాదమునకు కొంత ఆధారము కలదు. దానిని న్యాయముగా పరిశీలింపవలెను.

ఫిన్లండులో 2,315 మంది నడివయస్సు పురుషులను సుమారు 20 సంవత్సరములు గమనించిన పరిశోధన 2015లో వెలువడినది. వారమున నాలుగు నుండి ఏడుసార్లు సౌనాకు పోవువారిలో ఆకస్మిక గుండె మరణములు, ఒక్కసారి పోవువారి కంటె 63 శాతము తక్కువగ కనబడినవి. సంఖ్య ఆకర్షకమైనదే. కాని అది ఫిన్లండు వారి మిక్కిలి వేడి సౌనాకు సంబంధించినది. పరారుణ గదికి కాదు. మరియు గమనించుట వేరు, ప్రయోగించుట వేరు. ఆరోగ్యముగ నున్నవారే తరచుగా సౌనాకు పోగలరు. కావున సౌనా ఆరోగ్యము నిచ్చినదో, ఆరోగ్యమే సౌనాకు పంపినదో ఈ ఒక్క పరిశోధనతో తేలదు.

పరారుణ గదికి సంబంధించిన ముఖ్యమైన కృషి జపానులో జరిగినది. అచట చువా తేయి అను వైద్యుడు గుండె నీరసించిన రోగులకై 60 డిగ్రీల గదిలో 15 నిమిషములు, పిమ్మట దుప్పటి కప్పుకొని 30 నిమిషముల విశ్రాంతి, పోయిన నీటికి సరిపడ నీరు త్రాగుట అను క్రమమును ఏర్పరచెను. దీనికి వఓన్ చికిత్సయని పేరు. 149 మంది రోగులపై 19 ఆసుపత్రులలో జరిపిన పరీక్షా ఫలితములు 2016లో ప్రకటింపబడినవి. గుండె భారమును సూచించు రక్తపరీక్షలో, చికిత్స పొందినవారికిని పొందనివారికిని నడుమ నిశ్చయమైన భేదము కనబడలేదు. కాని చికిత్స పొందినవారు నడువగల దూరము పెరిగినది. ఆయాసము కొంత తగ్గినది. ఇది వైద్యుల పర్యవేక్షణలో, మందులతోపాటు, కొలిచిన వేడితో జరిగినదని మరువరాదు.

నెదర్లాండ్సులో కీళ్ళవాతము కలవారు 17 మందికిని, వెన్నెముక బిగిసిన వాతము కలవారు 17 మందికిని నాలుగు వారములలో ఎనిమిది సార్లు పరారుణ స్నానము చేయించిరి. 2009లో వెలువడిన ఆ ఫలితముల ప్రకారము స్నానము చేసినంతసేపు నొప్పి, బిగువు తగ్గినవి. ఆ మేలు నిలువలేదు. కీడు కూడ కనబడలేదు.

వీనినుండి తేలునదేమనగా, వెచ్చదనము నొప్పికి ఉపశమనము నిచ్చును. రక్తనాళములను విప్పార్చి రక్తపోటును కొంత తగ్గించును. మనస్సునకు హాయి నిచ్చును. ఇది చిన్న మేలు కాదు. ఒళ్ళునొప్పులకు వైద్యుని అడుగక రోజూ నొప్పిమాత్రలు మ్రింగుట మూత్రపిండములకు హాని. దాని బదులు ఒక వేడి కాపడము ఎంతయో మంచిది. ఉత్తరాంధ్ర ఇండ్లలో బాలింతకు వావిలాకు నీళ్ళు పోయుట, బెణికిన చోట ఆముదపు ఆకు వెచ్చచేసి కట్టుట మొదలగు అలవాట్ల వెనుక ఈ అనుభవమే కలదు. ఐతే ఆ మేలుకు ఖరీదైన గదియే కావలెనని ఏ పరిశోధనయు చెప్పలేదు.

చెమట, మూత్రపిండములు

ఇక విషముల వాదము. చెమటలో నూటికి 99 వంతులు నీరు. తక్కినది ముఖ్యముగా ఉప్పు. కొంచెము లాక్టికామ్లము, కొంచెము యూరియా, లేశమాత్రముగా లోహములు. లేశమాత్రముగ ఒక లోహము కనబడినంతనే చెమట ఆ లోహమును కడిగివేయు మార్గమని చెప్పుట, గుమ్మము దగ్గర చిటికెడు దుమ్ము కనబడగా ఇల్లంతయు ఊడ్చితిమనుట వంటిది. చెమటగ్రంథుల పని శరీరమును చల్లబరచుట. శుభ్రపరచుట కాలేయమునకును మూత్రపిండములకును చెందిన పని.

మూత్రపిండములు రోజునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టును. అందు శరీరమునకు కావలసినదంతయు తిరిగి గ్రహించి, లీటరున్నర మాత్రము మూత్రముగా విడుచును. సామాన్యాహారము తినువాని మూత్రములో రోజునకు 20 నుండి 30 గ్రాముల యూరియా పోవును. ఆరోగ్యవంతుని చెమట లీటరులో యూరియా సామాన్యముగా ఒక గ్రామునకు లోపు. మూత్రపిండముల ఒక్కరోజు పనిని చెమటతో చేయింపవలెనన్న 20 లీటర్లకు మించి చెమట కార్చవలెను. అంతకు చాల ముందే మనిషి ప్రాణము పోవును.

ఇది కాగితముపై లెక్క మాత్రమే కాదు. మూత్రపిండములు చెడిన రోగులకు 19వ శతాబ్దమున వైద్యులు వేడిగాలితోను, వేడి తడిగుడ్డలతోను చెమట పట్టించి చూచిరి. వారికి వేరు సాధనము లేదు. చెమట ఆ రోగులను రక్షింపలేకపోయినది. నెదర్లాండ్సు వైద్యుడు విల్లెం కోల్ఫ్ నిర్మించిన కృత్రిమ మూత్రపిండము 1945లో మొదటిసారిగ ఒక రోగిని మరణము నుండి తప్పించినది. నేడు డయాలిసిస్ అని పిలువబడు చికిత్సకు అదియే ఆది. చెమట ఆ పనికి చాలియుండినచో ఆ యంత్రముతో పనియే లేకపోవును.

ఉద్దానము నేర్పు పాఠము

శ్రీకాకుళము జిల్లా ఉత్తర తీరమున ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో వ్యాపించిన ప్రదేశమును ఉద్దానమందురు. కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగనుండు ఈ సీమలో మూత్రపిండ రోగము ఎన్నో ఇండ్లను కూల్చినది. 2019లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, పరీక్షింపబడినవారిలో నూటికి 18 మందికి దీర్ఘకాల మూత్రపిండ రోగము కనబడినది. వారిలో అధికసంఖ్యాకులకు మధుమేహము, రక్తపోటు వంటి తెలిసిన కారణము లేదు. రోగము ముదిరిన వరకు బాధ తెలియకుండుట దీని దుర్లక్షణము. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ పరిశోధన కేంద్రము ప్రారంభింపబడినవి. హిరమండలము జలాశయపు నీటిని ఉద్దానము గ్రామములకు అందించు పథకము కూడ అదేదినమున ప్రారంభింపబడినది.

ఈ రోగమునకు కారణము నిశ్చయముగా తేలలేదు. భూగర్భజలము, లోహములు, పురుగుమందులు మొదలగువానిని పరీక్షించుచున్నారు. పరీక్షలో నున్న మరియొక కారణము ఎండలో కాయకష్టము, తగినంత నీరు త్రాగకపోవుట. మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశములలో చెరకు కోయు కూలీలకు ఇట్టి రోగమే వచ్చుచున్నది. అచట నీరు, నీడ, విరామము సమకూర్చిన తోటలలో కూలీల మూత్రపిండములకు కలుగు దెబ్బ తగ్గినట్లు కనుగొనిరి. వేడికి చర్మమునకు రక్తము హెచ్చుగా పోవును. నీరు తగ్గి రక్తము చిక్కబడును. మూత్రపిండములకు చేరు రక్తము తగ్గును. ఒకటి రెండుసార్లు ఐన అవి కోలుకొనును. ఏండ్ల తరబడి ప్రతిదినము జరిగిన ఏమగునన్నది శాస్త్రజ్ఞుల ముందున్న ప్రశ్న.

చెమట విషములను వెడలించునన్న మాట నిజమైనచో, ఈ రెండు జిల్లాల శ్రామికులకంటె శుద్ధశరీరులు లోకమున ఉండరాదు. నౌపడ ఉప్పుమళ్ళలో వేసవి ఎండలో ఉప్పు తోడువారు, బుడితిలో ఇత్తడి కరగించు కొలిమి ముందు కూర్చుండువారు, పలాసలో జీడిపిక్కలను వేడిచేయువారు, ఇటుక బట్టీలలో పనిచేయువారు – వీరందరికి పరారుణ కిరణములు రోజంతయు అందుచునే యున్నవి. గరివిడిలో మాంగనీసు కరగించిన కొలుముల ఎదుట నిలిచినవారికి అందిన కిరణములకు లెక్కయే లేదు. తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువగుటచే చెమట ఆవిరి కాక కారిపోవును. నీరు పోవునే గాని చల్లదనము రాదు. ఇంత చెమటోడ్చిన ప్రదేశముననే మూత్రపిండములు చెడుచుండుట చూచిన పిమ్మట, చెమటతో మూత్రపిండములకు విశ్రాంతి కలుగునని చెప్పుటకు నోరెట్లు వచ్చును?

ఇక్కడనే అపాయము పొంచియున్నది. డయాలిసిస్ కొరకు వారమునకు రెండు మూడుసార్లు ప్రయాణము చేయు రోగి ఆశతో దేనినైనను నమ్మును. విషములు చెమటతో పోవునన్న మాట విని అతడు డయాలిసిస్ ఒక్కసారి మానినను ప్రాణాపాయమే. రోగము తొలిదశలో నున్నవాడు నీరు సరిగ త్రాగక చెమట పట్టించుకొన్నచో ఉన్న శక్తియు సన్నగిల్లును. గర్భిణులు, మద్యము సేవించినవారు, రక్తపోటునకు గాని మూత్రము హెచ్చించుటకు గాని మందులు వాడువారు, మూత్రపిండ రోగులు వైద్యుని సలహా లేనిదే ఏ వేడిగదిలోనికిని పోరాదు. చరకుడు గీచిన హద్దు నేటికిని చెల్లుచున్నది.

పాఠశాలలో పరీక్షింపదగిన విషయములు

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగ నిరూపింపవచ్చును. పట్టకము, నల్లరంగు పూసిన బుడ్డి గల మూడు ఉష్ణమాపకములు ఉన్నచో హెర్షెల్ ప్రయోగమును కిటికీ వద్ద చేయవచ్చును. ఆటల పీరియడుకు ముందు, పిమ్మట విద్యార్థులను తూచి, తిరిగి నీరు త్రాగించి తూచినచో, చెమటతో తగ్గిన బరువు నీరేయని వారికే తెలియును. ఆ పూట ఎంత నీరు త్రాగవలెనో కూడ వారు నేర్చుకొందురు. ఉద్దానములోని పిల్లలకు ఈ లెక్క మిక్కిలి అవసరము.

ఆరోగ్య ప్రకటన ఏది చేతికి వచ్చినను విద్యార్థి నాలుగు ప్రశ్నలు వేయవలెను. ఎంతమందిపై పరీక్షించిరి? దేనితో పోల్చిరి? ఎంతకాలము గమనించిరి? ఎవరికి పనికిరాదో చెప్పిరా? పరారుణ గది ప్రకటనను ఈ ప్రశ్నలతో వడగట్టినచో మిగులునది కొంత వెచ్చదనము, కొంత హాయి, నొప్పికి కొంతసేపు ఉపశమనము. ఆ మాత్రమునకే దానిని అమ్ముకొన్నచో ఎవరికిని అభ్యంతరముండదు. మూత్రపిండముల పని దానికి అంటగట్టుట మాత్రము తప్పు. ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి కావలసినది మరింత చెమట కాదు. కాసింత నీడ, మంచినీరు.